అబద్ధమాడిన ముల్లు

వశిష్ఠ గోదావరి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ పాయ మీద నా పాత శిష్యుడొకడు చిన్న మరపడవ నడుపుతాడు. ఒకనాటి సాయంకాలం అతను నన్ను ఎక్కించుకుని నరసాపురం నుంచి దిగువకు బయలుదేరాడు. సగం దారిలో ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

అది పాటు సమయం. నీరంతా సముద్రం వైపు లాగుతున్నది. అతను గబగబా లంగరు వేశాడు. అది పట్టుకోకపోతే చీకటి పడేసరికి మేము సముద్రంలో ఉండేవాళ్ళం.

"డీజిలు అయిపోయిందేమోరా?" అన్నాను.

"లేదు మాష్టారూ! ముల్లు నిండుగా చూపిస్తున్నది, చూడండి!" అన్నాడతను.

టాంకు మూత తీయించి, ఒక పుల్ల దించమన్నాను. పుల్ల పొడిగా పైకి వచ్చింది! ఆ దారిన పోయే మరో పడవవాళ్ళు తాడు కట్టి మమ్మల్ని రేవుకు లాక్కువచ్చారు.

ముల్లు ఎందుకు అబద్ధమాడింది? అది తెలియాలంటే, ముల్లు నిజం ఎలా చెబుతుందో ముందు తెలియాలి.

టాంకు లోపల, వలకు కట్టే బెండు లాంటిది ఒకటి, సన్నని కమ్మీ చివర తేలుతూ ఉంటుంది. డీజిలు పెరిగితే బెండు లేస్తుంది, తరిగితే దిగుతుంది. కమ్మీ రెండో కొస ఒక తీగచుట్ట మీద జరుగుతుంది. బెండు అడుగున ఉంటే విద్యుత్తు చుట్టలో ఎక్కువ దూరం పోవాలి. అందుచేత అడ్డంకి ఎక్కువ. బెండు పైకి లేస్తే దూరం తక్కువ, అడ్డంకీ తక్కువే. మా పడవలోని రకంలో టాంకు ఖాళీ అయితే అడ్డంకి 240 ఓములు, నిండితే 33 ఓములు. ఆ తేడానుబట్టి గేజిలోని ముల్లు కదులుతుంది. ఈ అడ్డంకి లెక్కను 1827 లో పుస్తకంగా ప్రకటించిన గేయోర్గ్ ఓమ్, నాలాగే బడిపంతులుగా పనిచేసినవాడు. ఓము అనే కొలత ఆయన పేరు మీద వచ్చిందే.

మర్నాడు ఉదయం ఇద్దరం పనికి దిగాం. శిష్యుడు వస్తూనే కొత్త గేజి కొందామన్నాడు.

"ఒరే, తరగతిలో ఒకడు అల్లరి చేస్తే అందరినీ శిక్షిస్తామా? ఒక్కొక్కరినీ విడిగా అడగాలి," అన్నాను.

నేరస్థులు కాగలవారు ముగ్గురు: గేజి, తీగ, టాంకులోని బెండు. ముందు స్విచ్చి కట్టేసి, టాంకు మీద ఉన్న తీగను ఊడదీశాం. స్విచ్చి తిరిగి వెయ్యగానే ముల్లు ఖాళీ వైపు పడిపోయింది. స్విచ్చి కట్టి, తీగ కొసను బాటరీ రుణధ్రువానికి కలిపి, మళ్ళీ స్విచ్చి వేశాం. ముల్లు నిండు వైపుకు లేచింది. అంటే గేజీ మంచిదే, తీగా మంచిదే. ఇక మిగిలింది బెండు.

స్విచ్చి కట్టి, అయిదు మరమేకులూ విప్పి దాన్ని బయటికి తీశాం. కమ్మీ కీలు దగ్గర జిగురూ తుప్పూ పేరుకుని, బెండు పైనే బిగుసుకుపోయి ఉన్నది. డీజిలు దిగిపోయినా అది దిగలేదు! బెండును చెవి దగ్గర పెట్టి ఊపి చూశాం. లోపల చప్పుడు లేదు. అంటే చిల్లు పడలేదన్నమాట. కీలు శుభ్రం చేసి మళ్ళీ బిగించాం. టాంకులో సగం దాకా డీజిలు పోశాం.

కాని ముల్లు ఈసారి ఖాళీ దగ్గరే నిలిచిపోయింది!

శిష్యుడి మొహం వాడిపోయింది. "కారుకూ పడవకూ తేడా ఏమిటి?" అని అడిగాను. కారుకు ఇనుప ఒళ్ళు ఉన్నది. విద్యుత్తు దాని గుండానే బాటరీకి తిరిగిపోగలదు. మా పడవ ఒళ్ళు ఫైబరుది. అందులో విద్యుత్తు పారదు. తిరుగు ప్రయాణానికి వేరే తీగ ఉండాలి. చూస్తే, ఆ తీగ కొస ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి, మేము కదిలించినప్పుడు తెగి ఉన్నది. చిలుము పట్టిన మేర కోసేసి, కొత్త కొస వేసి, మరమేకును గరుకుకాగితంతో రుద్ది బిగించాం. ముల్లు నెమ్మదిగా లేచి సగం దగ్గర నిలిచింది.

పిల్లలూ, ఈ పని పెద్దవాళ్ళు పక్కన లేకుండా చెయ్యకండి. పెట్రోలు పడవలో మరీ ప్రమాదం. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు. అది పడవ అడుగున చేరుతుంది. చిన్న నిప్పురవ్వ చాలు.

ఆఖరున ఒక పుల్ల తెప్పించి, ఖాళీ టాంకులో అయిదేసి లీటర్లు పోస్తూ గీతలు పెట్టించాను. గీతల మధ్య దూరాలు సమంగా రాలేదు! ఆ టాంకు అడుగున ఇరుకు, పైన వెడల్పు. అందుచేత ముల్లు సగం చూపించినప్పుడు నిజానికి సగంకన్న తక్కువే ఉంటుంది.

ఇప్పుడు నా శిష్యుడు డీజిలును మూడు వంతులు చేసుకుంటాడు: పోవటానికి ఒకటి, రావటానికి ఒకటి, ఆపదకు ఒకటి. బయలుదేరే ముందు మాత్రం, ముల్లు చెప్పినదాన్ని పుల్లతో సరిచూస్తాడు.