‘మూడు నెలల షుగరు’ లెక్క తప్పేదెప్పుడు?

తిరుపతి: పరగడుపున చూస్తే షుగరు 180. అదే మనిషికి మూడు నెలల పరీక్ష చీటీలో 5.8. ఒకటి జబ్బు ముదురుతోందంటుంది, రెండోది జబ్బే లేదంటుంది. ఏది నమ్మాలి? లాబొరేటరీ పొరపాటని సరిపెట్టుకునే ముందు రోగి రక్తం తీరు కూడా చూడాలి.

చక్కెర జబ్బు ఉన్నవారికి హెచ్‌బీఏ1సీ పరీక్ష కొత్త కాదు. పల్లెల్లో దీన్నే మూడు నెలల షుగరు అంటారు. రక్తంలోని చక్కెర ఎర్రకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కు కొద్దికొద్దిగా అంటుకుంటుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఎంత అంటుకుందో కొలిస్తే గడిచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ముందురోజు రాత్రి సంగటి మానేసి వచ్చినా ఈ పరీక్ష దగ్గర దాగదు. 6.5, ఆపైన ఉంటే మధుమేహం కిందే లెక్క.

అయితే అందరి హిమోగ్లోబిన్ ఒకే రకం కాదు, అందరి ఎర్రకణాలూ ఒకే కాలం బతకవు. చిక్కంతా ఇక్కడే.

విశాఖ మన్యం గిరిజనుల్లో కనిపించే సికిల్‌ సెల్‌, ఏ కులంలోనైనా ఉండగల తలసేమియా పుట్టుకతో వచ్చే తేడాలు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే మనిషి ఆరోగ్యంగానే తిరుగుతాడు, తనలో తేడా ఉందనీ ఎరగడు. కాని కొన్ని యంత్రాలు ఆ హిమోగ్లోబిన్‌ను చూసి తికమకపడి అంకె ఎక్కువో తక్కువో చూపుతాయి. సికిల్‌ సెల్‌ ఇద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు తొందరగా చనిపోతాయి. చక్కెర అంటుకునే వ్యవధి ఉండదు, అంకె తగ్గుతుంది. బాగుందని రోగి నిశ్చింతగా ఉంటాడు, కళ్లూ కాళ్లూ లోలోపల చెడుతుంటాయి.

రక్తం తక్కువగా ఉన్న ఆడవారిలో కథ తిరగబడుతుంది. ఇనుము లోపిస్తే చక్కెర పెరగకున్నా అంకె పెరగవచ్చు. దాన్ని నమ్మి మాత్రలు పెంచితే చెమటలు పట్టి చేలోనే కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవారికీ ఈ అంకె నిలకడగా రాదు.

అసలు ఈ పరీక్షకు దారి దొరికిందే ఇలాంటి తేడాలు వెతుకుతుండగా! 1960ల చివర టెహరాన్‌లో శామ్యూల్‌ రహబర్‌ అనే వైద్య శాస్త్రవేత్త రోగుల రక్తంలో వింత హిమోగ్లోబిన్ల కోసం గాలిస్తూ, చక్కెర జబ్బువారిలో మామూలుగా కనిపించని గీత ఒకటి గమనించాడు.

అంకెలు పొంతన కుదరకపోతే మాత్రలు సొంతంగా మానడం, పెంచడం కూడదు. పరగడుపున ఎంత, తిన్న రెండు గంటలకు ఎంత అన్న చీటీలు కూడా డాక్టరు ముందు పెట్టాలి. ఇంట్లో ఎవరికైనా సికిల్‌ సెల్‌, తలసేమియా ఉంటే దాచకుండా చెప్పాలి. హిమోగ్లోబిన్‌తో నిమిత్తం లేకుండా రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమైన్‌ పరీక్ష కూడా ఉంది. రుయాకో, స్విమ్స్‌కో, రాయవేలూరుకో వెళ్లేవారు పాత చీటీలన్నీ వెంట తీసుకుపోవాలి. ఒక యంత్రం అంకెకూ మరో యంత్రం అంకెకూ తేడా ఉంటే ఆ చీటీలే దారి చూపుతాయి.

హిమోగ్లోబిన్ ఏ రకమో తేల్చే పరీక్ష మాత్రం మాటిమాటికీ అక్కరలేదు. పుట్టుకతో వచ్చిన రకం మారదు. రక్తం ఎక్కించుకున్న కొత్తలో కాకుండా ఒకసారి చేయించుకుని, ఆ చీటీని రేషను కార్డుతోపాటు దాచుకుంటే చాలు.