ఖండములు కదలుచున్నవా?

అమరకోశము భూమికి 'అచల' యనియు, 'స్థిర' యనియు పేర్లు చెప్పుచున్నది. కాని మనము నిలిచియున్న ఈ నేల ఏటేట కొన్ని సెంటీమీటర్లు కదలుచునే యున్నది. ఈ సంగతి ఎల్లరకును నమ్మకమగుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది. అంతకాల మేల పట్టినదో చూతము.

దక్షిణ అమెరికా తూర్పుతీరమును, ఆఫ్రికా పడమటితీరమును పటములో చేర్చి చూచినచో, చినిగిన కాగితపు ముక్కలవలె నవి అతుకును. జర్మనీ దేశపు వాతావరణ శాస్త్రజ్ఞుడగు ఆల్ఫ్రెడ్ వెగెనర్, ఖండములన్నియు నొకప్పుడు ఒక్కటిగా నుండి పిదప విడిపోయినవని 1912లో ప్రతిపాదించెను. తీరముల పోలికతోనే ఆయన తృప్తిచెందలేదు. మీసోసారస్ అను చిన్న సరీసృపపు శిలాజములు ఆ రెండు ఖండములందును దొరకినవి. ఆ చిన్న జంతువు మహాసముద్రము నీదియుండదు గదా! గ్లాసోప్టెరిస్ అను వృక్షజాతి శిలాజములు ఆ రెండింటనే గాక భారతదేశమునను, ఆస్ట్రేలియాలోను, అంటార్కిటికాలోను గలవు. గోదావరీలోయలోని బొగ్గు ఆనాటి అడవుల అవశేషమే.

అయినను భూగర్భశాస్త్రజ్ఞులలో పెక్కురు సమ్మతింపలేదు. వారి ప్రశ్న న్యాయమైనదే. గట్టిదగు సముద్రతలమును చీల్చుకొని ఖండ మెట్లు పోగలదు? దానిని త్రోయు శక్తి యేది? వెగెనర్ చూపిన శక్తులు చాలవని హెరాల్డ్ జెఫ్రీస్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వాదించెను. 1930లో వెగెనర్ గ్రీన్‌లాండు మంచుబయళ్ళలో మరణించునాటికి ఎల్లరు నొప్పుకొను సమాధానము దొరకలేదు.

సమాధానము కడలి యడుగున నుండెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ధ్వనితరంగములతో సముద్రపు లోతులను విరివిగా కొలిచిరి. అమెరికాలో మేరీ థార్ప్ అను విదుషి ఆ కొలతలను పటములుగా గీయుచు, అట్లాంటిక్ నడుమ నున్న పర్వతశ్రేణి నడినెత్తిన పొడవైన చీలికలోయ నొకదానిని 1952లో కనుగొనెను. సహచరుడు బ్రూస్ హీజెన్ మొదట దానిని ఆడువారి మాటయని కొట్టివేసెను. కాని సముద్రగర్భ భూకంపస్థానములు ఆ లోయ వెంబడియే యున్నట్లు తేలగా ఆయనయు నంగీకరించెను.

ఆ చీలికనుండి కరిగిన శిల పైకుబికి క్రొత్తనేలయై ఇరువైపులకు జరుగుననియు, పాతనేల సముద్రపు టగాధములయొద్ద మరల లోనికి క్రుంగుననియు 1962లో హ్యారీ హెస్ వివరించెను. అనగా ఖండము సముద్రతలమును చీల్చుకొని పోవుటలేదు, దానితోపాటు సాగుచున్నది. వెనుకటి ప్రశ్నకు చిక్కు వీడినది.

ఇక సాక్ష్యము కావలెను. శిల చల్లారునపుడు ఆనాటి భూ అయస్కాంత దిశను తనలో నిలుపుకొనును. ఆ దిశ యుగయుగములందు తారుమారగుచుండును. సముద్రతలమున గానవచ్చు అయస్కాంతపు చారలు అట్లేర్పడినవే యని 1963లో ఫ్రెడ్ వైన్, డ్రమ్మండ్ మాథ్యూస్ తెలిపిరి. శ్రేణికి ఇరుప్రక్కలను ఆ చారలు ఒకే వరుసలో నున్నట్లు పిదప తేలినది. 1968లో గ్లోమార్ ఛాలెంజర్ అను ఓడ దక్షిణ అట్లాంటిక్‌లో తొలిచి తీసిన నమూనాలవలన, శ్రేణికి దూరమైన కొలది నేల వయస్సు హెచ్చునని రుజువైనది.

ఆ కాలముననే, 1967-68లో, డాన్ మెకంజీ, జేసన్ మోర్గన్ మున్నగువారు భూమి పైపొర కదలెడు పలకలుగా నున్నదని నిరూపించిరి. భారతపలక ఉత్తరముగా సాగి, సుమారు 5 కోట్ల యేండ్లక్రిందట ఆసియాను ఢీకొనగా హిమాలయములు లేచినవి. ఆ పలకయే సుమత్రా చెంత వేరొక పలక క్రిందికి జారుచున్నది. 2004 డిసెంబరు 26న అచట కలిగిన భూకంపమే సునామీయై తమిళనాడు, ఆంధ్ర తీరములను ముంచెను. 2007లో హైదరాబాదున సునామీ హెచ్చరికకేంద్ర మేర్పడినది.

విద్యార్థులారా! వెగెనర్ ఊహ యెంత విలువైనదో, దాని నడ్డగించిన ప్రశ్నయు నంత విలువైనది. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటవలననే నేడు ప్రమాదమెట్లు వచ్చునో తెలిసికొని, తీరవాసులను ముందుగా మేల్కొల్ప గలుగుచున్నాము.