గోడబల్ల: ఇరుకు గదిలో చదువుకు చోటు

మన కళాశాల విద్యార్థులలో తనకంటూ ఒక గది ఉన్నవారు బహు కొద్దిమంది. ఒకే గది వంటకూ, పడకకూ, చుట్టపుచూపునకు వచ్చినవారికీ, చదువుకూ చాలవలసి యున్న ఇండ్లే ఎక్కువ. అటువంటి ఇంట ‘ఒక బల్ల కొనుక్కో నాయనా’ అని సలహా చెప్పడం సులభం. దానిని ఎక్కడ వేయవలెనో చెప్పడమే కష్టం. నాలుగు కాళ్ళ బల్ల ఒకటి లోనికి వచ్చినదంటే రాత్రి ఒకరు పడుకొనే చోటు పోయినట్లే. కావున కాళ్ళు లేని బల్లను గురించి, అనగా గోడకు అమర్చి, పని తీరిన పిమ్మట గోడకే మడిచివేయగల బల్లను గురించి ఈ వ్యాసంలో వివరింపదలచినాము. మేము వడ్రంగులము కాము. తెలుగు చెప్పుకొనేవారము. అయినను స్వయంగా చేసి, ఒకసారి చెడగొట్టి, మరల సరిచేసిన అనుభవం ఉన్నది గనుక చెప్పే సాహసం చేస్తున్నాము.

అవసరం తెలిసిన విధము

2020 మార్చిలో కరోనా వలన కళాశాలలు మూతపడి, పాఠాలు ఫోను తెరమీదికి వచ్చిన సంగతి అందరికీ జ్ఞాపకమే. ఆ రోజులలో మా తరగతిలోని ఒక విద్యార్థి ముఖం ఎల్లప్పుడు క్రిందినుండి కనిపించేది. ఫోనును నేలమీద బియ్యపు డబ్బాకు ఆనించి, తాను రేకుపెట్టెపై వంగి వ్రాసుకొనేవాడు. తరువాత ఒకనాడు వారి ఇంటికి వెళ్ళినాము. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గది. ఆరుగురు మనుషులు. కిటికీ ప్రక్క తల్లిగారి కుట్టుమిషను, దానితోనే ఇంటి ఖర్చు సగం గడుస్తున్నది. ఎదుటి గోడ క్రింద రేకుపెట్టెలు, వాటిపై మడిచిన పరుపులు.

రేకుపెట్టె అన్నగారిది. తొమ్మిదవ తరగతి చదివే చెల్లెలు మోకాలిపై పుస్తకం పెట్టుకొని లెక్కలు చేస్తున్నది. ‘నీకు చోటు లేదా అమ్మా?’ అని అడిగితే, ‘అన్నయ్యకు పరీక్షలున్నాయి సార్’ అన్నది. ఆ మాటతో ఈ పనికి పూనుకొన్నాము.

పూర్వులు చేసిన ఉపాయాలు

స్థలం చాలనప్పుడు వస్తువును గోడలోనికో, మడతలోనికో పంపడం క్రొత్త సంగతి కాదు. మన పాత ఇండ్లలోని గూళ్ళు అటువంటివే. గోడ మందంలోనే దీపానికీ, పుస్తకాలకూ చోటు కల్పించినారు. పవిత్ర గ్రంథాన్ని ఉంచి చదువుకొనే రిహాల్‌ను గమనించండి. ఒకే చెక్కపలకను చీల్చి, నడుమ కీలు వచ్చేటట్లు చెక్కుతారు. మేకు ఒక్కటీ ఉండదు. తెరిస్తే పీఠం, మూస్తే పలక. దుకాణాలలో గుమాస్తాలు నేలపై కూర్చుండి లెక్కలు వ్రాసుకొన్న ఏటవాలు మూత గల పెట్టె కూడ బల్లయే, బీరువాయే.

పాశ్చాత్యులలో ఫ్రాన్సు దేశీయులు 18వ శతాబ్దంలోనే ముందు పలక క్రిందికి వాలి వ్రాతబల్లగా మారే బీరువాలను విరివిగా వాడినారు. థామస్ జెఫర్సన్ 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను వ్రాసినది ఒడిలో పెట్టుకొనదగిన మడత బల్లపైననే. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒంటిగది ఇంట కాపురమున్న విలియం మర్ఫీ గోడలోనికి ఎత్తి పెట్టగల మంచాన్ని రూపొందించినాడు. వీరందరికి బుద్ధి పుట్టించినది ఇరుకే.

కొలతలు

మేము ఎంచుకొన్న పలక 30 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు, ముప్పాతిక అంగుళం మందం గలది. తెరిచిన పుస్తకం ఒకటి, వ్రాతపుస్తకం ఒకటి దీనిపై ఇముడుతాయి. ఇంతకంటె లోతు పెంచితే గోడపై భారం పెరుగుతుంది.

ఎత్తును అంగడి బల్లను చూచి నిర్ణయింపరాదు. కూర్చొనే మనిషిని కొలవవలెను. నిటారుగా కూర్చుండి, మోచేతిని లంబకోణంలో మడిచినప్పుడు నేలనుండి మోచేతి అడుగు వరకు ఎంత ఎత్తో, అదే బల్ల ఎత్తు. కుర్చీపై కూర్చొనే పెద్దలకు ఇది మనిషిని బట్టి, కుర్చీని బట్టి మారుతుంది. కుర్చీ లేని ఇంట రేకుపెట్టెనే ఆసనంగా ఎంచుకొని, దానిపై కూర్చుండి కొలుచుకొనవచ్చు. నేలపై బాసిపట్టు వేసుకొని చదివే అలవాటు గలవారికీ సూత్రం ఇదే. బల్లకంటె మోచేయి క్రిందికి ఉంటే భుజాలు ఎగదన్నుతాయి. మరీ పైకి ఉంటే వెన్ను వంగుతుంది.

కుడిచేతితో వ్రాసేవారికి వెలుతురు ఎడమనుండి రావలెను. లేకున్న తన చేతి నీడ తన అక్షరంపైననే పడుతుంది.

కలప ఎంపిక

కలపలన్నిటిలో టేకు శ్రేష్ఠం. చెదను, తేమను తట్టుకొంటుంది, వంకర తిరగదు. అయితే ఖరీదు ఎక్కువ. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి కర్ర చెక్కడానికి అనువైనదే గాని, మెత్తనిది గనుక బరువు మోయడానికి పనికిరాదు. సామాన్యునికి అందుబాటులో ఉన్నది ప్లైవుడ్. పలుచని పొరలను ఒకదాని ఈనెకు మరొకదాని ఈనె అడ్డంగా వచ్చేటట్లు అంటించడం చేత అది సులభంగా చీలదు, ఎండకూ వానకూ అంతగా వంగదు. కొనేటప్పుడు భారతీయ ప్రమాణాల ముద్రను చూడవలెను. సాధారణ ఉపయోగపు ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 303, నీటిని బాగుగా తట్టుకొనే మెరైన్ రకానికి ఐ.ఎస్. 710 అని ఉంటుంది. ఒక్క జాగ్రత్త వహించవలెను: ప్లైవుడ్ అంచులో మరమేకు పట్టు నిలువదు, పొరలు విచ్చుకొంటాయి. మరమేకును ఎల్లప్పుడు పలక ముఖంలోనికే దింపవలెను.

బరువు ఎక్కడికి పోతుంది?

కాళ్ళు లేని బల్ల ఎందుకు పడిపోదు అన్నది భౌతికశాస్త్ర విద్యార్థులకు మంచి అభ్యాసం. బల్ల ముందు అంచుపై, అనగా గోడకు 18 అంగుళాల దూరంలో, 20 కిలోల బరువు ఆనినదనుకొందాము. గొలుసులను గోడకు 16 అంగుళాల దూరంలో తగిలించినాము. అప్పుడు గొలుసులు పైకి లాగవలసిన బలం 20ని 18తో హెచ్చించి 16తో భాగింపగా 22½ కిలోలు. గొలుసు 45 డిగ్రీల ఏటవాలులో ఉంటే దానిలోని బిగువు మొత్తం సుమారు 32 కిలోలు, రెండు గొలుసులకు పంచితే ఒక్కొక్కదానికి 16. అదే గొలుసును పొట్టిగా కట్టి 30 డిగ్రీలకు దింపినామంటే బిగువు 45 కిలోలకు పెరుగుతుంది. మేకును గోడనుండి ఊడబెరికే బలం ఇంకను ఎక్కువగా పెరుగుతుంది. కావున గొలుసు గోడను పట్టే చోటు బల్ల మట్టంకంటె 16 అంగుళాలకు తక్కువ కాని ఎత్తున ఉండవలెను. పిల్లవాడు బల్లపైకి ఎక్కితే ఈ లెక్క అంతా మూడింతలవుతుందని మరువరాదు.

అమర్చే క్రమము

పలకను క్రిందికి వాల్చే పద్ధతి ఒకటి, పైకి ఎత్తే పద్ధతి ఒకటి ఉన్నవి. క్రిందికి వాల్చేదానికి గడియతో పని లేదు గాని, గోడ క్రింద ఏ వస్తువూ ఉండరాదు. మేము చూచిన ఇంట గోడ క్రింద పెట్టెలున్నవి. ‘ఈ పెట్టెలు ఎక్కడికి తీసుకపోవాలె సార్?’ అని తల్లిగారు అడిగినారు. అందుచేత పైకి ఎత్తే పద్ధతినే ఎంచుకొన్నాము.

మొదట 30 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు గల పట్టీని రసమట్టం చూచుకొంటూ గోడకు అడ్డంగా బిగించవలెను. బల్ల పలక వెనుక అంచు ఈ పట్టీ ముఖానికి ఆనుతుంది. మూడు మడతబందులను, ఒక రెక్క పలక పైముఖానికీ మరొక రెక్క పట్టీకీ వచ్చేటట్లు అమర్చవలెను. అప్పుడు పలక పైకి లేస్తుంది గాని, అడ్డంగా ఉన్నప్పుడు దాని అంచు పట్టీకి అదుముకొని నిలుస్తుంది.

పిమ్మట పలక ఇరుప్రక్కలా, బల్ల మట్టానికి 16 అంగుళాల ఎత్తున, గోడకు రెండు చెక్కముక్కలను నిలువుగా బిగించవలెను. వాటి వెడల్పులో సగం ఎత్తిన పలక వెనుక, సగం వెలుపల ఉండవలెను. వెలుపలి సగంలో గొలుసు కొక్కెం, ఒక తిరుగుడు గడియ. పలక అడుగున ఇరుప్రక్కలా చెరొక ఇనుపపట్టీని బోల్టుతో బిగించి, అంగుళం మేర వెలుపలికి వదిలి, దాని రంధ్రానికి గొలుసు రెండవ కొనను తగిలించవలెను. పలక మట్టంగా నిలిచే వరకు గొలుసు లంకెలను తగ్గించుకొంటే సరి. చిన్నపిల్లలున్న ఇంట రెండు గడియలూ వేయనిదే పలకను వదలరాదు. చివరకు ఉప్పుకాగితంతో రుద్ది, అంచులకు కూడ వార్నిషు పూయవలెను. తేమ ముందుగా చొరబడేది అంచులనుండే.

గోడకు రంధ్రం చేసేముందు స్విచ్చిబోర్డు ఎక్కడున్నదో చూచుకొనవలెను. తీగెలు సాధారణంగా బోర్డునుండి నిలువుగా పోతాయి. దానికి సరిగా పైనగాని, క్రిందగాని రంధ్రం చేయరాదు. మట్టిగోడలకూ, నెమ్మెక్కిన గోడలకూ ఈ బల్ల తగదు. అక్కడ పట్టీ క్రింద నేలవరకు రెండు నిలువు కర్రలను ఆనించి, గొలుసులకు బదులు వాటినుండి ఏటవాలు ఆనుకర్రలను పెట్టుకొనడం క్షేమం.

మా పొరపాటు

ఇంత చెప్పిన మేము మొదటిసారి అమర్చిన బల్ల మూడవనాడే ఊడిపడినది. అప్పుడు చెల్లెలు వ్రాసుకొంటున్నది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు. ఒక గాజుగ్లాసు పగిలినది. మేము వెళ్ళేసరికి ఆ పిల్ల తలవంచుకొని, ‘నేనే ఎక్కువ ఆనుకొన్నాను సార్, ఇక అన్నయ్యనే వ్రాసుకోమనండి’ అన్నది. సిగ్గుతో గోడను పరీక్షించినాము. మేము వాడినవి ఒకటిన్నర అంగుళాల మరమేకులు. అందులో చెక్క మందం ముప్పాతిక అంగుళం, గిలాబు మందం అరంగుళం పోగా ఇటుకలోనికి దిగినది పావు అంగుళమే! బరువును మోసినది గోడ కాదు, గోడపై పూత. ‘తప్పు నీది కాదమ్మా, కొలవక బిగించిన మాది’ అని ఆమెకు చెప్పి, మూడంగుళాల మరమేకులు తెచ్చినాము. వాటిలో ఒకటిముప్పాతిక అంగుళం ఇటుకను పట్టుకొంటుంది. రంధ్రం చేసేటప్పుడు మొదట తెల్లని పొడి, తరువాత ఎర్రని పొడి రాలుతుంది. ఎర్రపొడి వచ్చిన తరువాతనే అసలు లోతును లెక్కించవలెను. రంధ్రం ఇటుకల సందులో గాక ఇటుక నడుమ పడవలెను. అందులో తగిన రావల్ ప్లగ్గును బిగువుగా దిగగొట్టి మరమేకును త్రిప్పవలెను. చదువులోను ఇంతే గదా! పైపూతను పట్టుకొన్నది పరీక్షనాటికి ఊడిపోతుంది.

ఒక పలక, ఆరు బల్లలు

ఇప్పుడు కళాశాల సంఘపు పెద్దలకు ఒక మనవి. అంగడిలో దొరికే ప్లైవుడ్ పలక 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గలది. పొడవునుండి 30 అంగుళాలవి మూడు, వెడల్పునుండి 18 అంగుళాలవి రెండు చొప్పున కోస్తే 6 బల్లలు వస్తాయి. మిగిలిన 12 అంగుళాల పట్టెను, రంపపుకోతకు పోగా, దాదాపు 4 అంగుళాల వెడల్పున కోస్తే 9 పట్టీలు. వాటిలో 6 గోడపట్టీలకు సరిపోతాయి. మిగిలిన మూడింటిని నాలుగేసి ముక్కలు చేస్తే 12 గొలుసుముక్కలు, బల్లకు రెండు చొప్పున ఖచ్చితంగా చాలుతాయి. కొసన మిగిలిన 6 అంగుళాల ముక్కలో గడియలు తయారవుతాయి. వృథా ఏమీ లేదు. మన కళాశాల సామాను గదిలో కాళ్ళు విరిగిన పాత బల్లలు కొన్ని ఉన్నవి. వాటి పలకలు గట్టివే. కాళ్ళు అక్కరలేని బల్లకు కాళ్ళు విరిగిన బల్ల తగినదే గదా! వాటిని వేలానికి పంపక, ప్రతి సంవత్సరం చోటులేని ఆరుగురు విద్యార్థుల ఇండ్లకు అమర్చి ఇవ్వడానికి అనుమతిస్తే, ఒక అనుభవజ్ఞుడైన వడ్రంగి పర్యవేక్షణలో మన విద్యార్థులే ఆ పనిని సంతోషంగా నెరవేర్చగలరు. అందులో ఆడపిల్లల పేర్లు చివరకు మిగలకుండ చూడవలెనని ప్రత్యేకంగా కోరుతున్నాము.

ఆ ఇంటి బల్ల నేటికీ గోడపై నిలిచి యున్నది. ఎత్తినప్పుడు గదివైపు కనిపించే అడుగుభాగానికి నల్లరంగు వేయించినాము. ఆ పిల్ల దానిపై సుద్దముక్కతో లెక్కలు చేసుకొనేది. పైమూలలో అన్నాచెల్లెళ్ళు తమ వేళలను వ్రాసుకొన్నారు, అన్న ఉర్దూలో, చెల్లెలు తెలుగులో. సాయంత్రం ఆరు నుండి ఎనిమిది వరకు అతనిది, ఎనిమిది నుండి పది వరకు ఆమెది. పది తరువాత పలక గోడకు ఎక్కుతుంది, పరుపులు నేలకు దిగుతాయి. గది పెద్దది కాలేదు. అందులో ఇద్దరి చదువుకు చోటు దొరికినది.