మీకు తెలుసా? వార్ప్ 10 దాటితే బల్లి అవుతారు!

1966లో అమెరికా టీవీలో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్లో ఎంటర్‌ప్రైజ్ నౌక కాంతిని మించిన వేగంతో దూసుకుపోతుంది. దాని ఇంజిన్ పేరు వార్ప్ డ్రైవ్. పదార్థాన్ని, ప్రతిపదార్థాన్ని ఢీకొట్టించగా పుట్టే శక్తితో అది నడుస్తుంది. ఆ చర్యను అదుపులో ఉంచేవి డైలిథియం స్ఫటికాలు. నిజంగానూ డైలిథియం ఉంది కానీ, అది రెండు లిథియం పరమాణువులు కలిసిన అణువు మాత్రమే. కథలోని స్ఫటికం రచయితల సృష్టి.

తొలి సీరియల్ లెక్కలో వార్ప్ సంఖ్యను ఘనం చేస్తే కాంతికి ఎన్ని రెట్ల వేగమో తెలుస్తుంది. వార్ప్ 6 అంటే 216 రెట్లు. ఆ లెక్కన 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారీకి వారం ప్రయాణం! తర్వాతి సీరియళ్లలో కొలమానం మార్చి, వార్ప్ 10ని అనంత వేగంగా, అందుకోలేని హద్దుగా పెట్టారు. అయినా 1996 నాటి 'వాయేజర్' ఎపిసోడ్‌లో పైలట్ టామ్ పారిస్ ఆ హద్దు దాటేశాడు. ఫలితం? బల్లిలాంటి ఉభయచర జీవిగా మారిపోయాడు. అభిమానులు నేటికీ ఆ ఎపిసోడ్‌ను ఆటపట్టిస్తూనే ఉంటారు, తప్పులేదు.

అసలు విశేషం వేరే ఉంది. 1994లో మెక్సికో భౌతిక శాస్త్రవేత్త మిగెల్ అల్కుబియెర్రె ఈ వార్ప్ డ్రైవ్ ఊహకు ఐన్‌స్టీన్ సమీకరణాల్లోనే చోటు చూపించారు. నౌక ముందున్న అంతరిక్షం కుంచించుకుని, వెనకది వ్యాకోచిస్తే చాలు. మధ్యలోని బుడగలో నౌక తనచుట్టూ ఉన్న చోటులో కాంతిని మించనక్కర్లేదు. పెద్ద చిక్కు ఏమిటంటే, ఇందుకు భారీగా రుణాత్మక శక్తి కావాలి. దాన్ని ఆ మోతాదులో పుట్టించే దారి ఇప్పటికి ఎవరి దగ్గరా లేదు.