ముదిమికి ముందే ఋణవిముక్తి

మేము విత్తనశుద్ధిని గూర్చియు, నారుమళ్ళను గూర్చియు చెప్పుటకు గ్రామములకు పోయినపుడు, పని ముగిసి అందరును వెడలిపోయిన తరువాత ఒకరిద్దరు పెద్దవారు గట్టుమీదనే నిలిచియుందురు. వారడుగునది విత్తనముల మాట కాదు. "అయ్యా, ఒంట్లో ఓపిక తగ్గిపోతోంది, అప్పు మాత్రం తగ్గడం లేదు. ఏం చెయ్యమంటారు?" అని. బందరు పరిసరములందును, గుడివాడ ప్రాంతమునను, దివిసీమలోను ఈ ప్రశ్నను మేము వినని యేడు లేదు. కనుక మాకు తెలిసినంతవరకు ఇచట వ్రాయుచున్నాము.

ఒక ఉదాహరణము తీసికొందము. భర్తకు అరువదియొకటవ యేడు, భార్యకు ఏబదియేడు. మూడెకరముల మాగాణి కలదు. ఇక సేద్యము చేయలేక ఎకరమునకు 20 బస్తాల చొప్పున కౌలునకిచ్చిరనుకొందము. ఏటికి 60 బస్తాలు వచ్చును. 2025-26 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము సాధారణ రకపు ధాన్యమునకు క్వింటాలుకు 2,369 రూపాయలు మద్దతు ధర నిర్ణయించినది. ఆ లెక్కను 75 కిలోల బస్తా సుమారు 1,776 రూపాయలు. వీరికి ప్రోనోటు మీద 3 లక్షల అప్పు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఏటి వడ్డీ 72,000 రూపాయలు. అనగా 40 బస్తాలకు పైమాట. మిగిలిన 20 బస్తాలలోనే ఇద్దరి తిండియు, మందులును గడువవలెను. ఇంత కట్టినను అసలు ఒక్క రూపాయయు తగ్గదు.

వడ్డీయు కట్టలేనివారి గతి ఇంకను కష్టము. ప్రోనోటునకు కాలపరిమితి మూడేండ్లు గనుక, గడువు సమీపించగానే వడ్డీని అసలులో కలిపి తిరగవ్రాయింతురు. 3 లక్షలు మూడేండ్లకు 5,16,000; ఆరేండ్లకు 8,87,520 రూపాయలగును. కావున ఆలోచించుటకు తగిన కాలము నేడే.

కొందరు మాఫీ కొరకు ఎదురుచూతురు. 1938లో మద్రాసు ప్రభుత్వపు చట్టము, 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులలో అసలునకు రెండింతలు ముట్టియున్నచో అప్పు తీరినట్లే యని చెప్పినది. అది ప్రైవేటు అప్పులకును వర్తించెను. 2008లో కేంద్రము చేసిన మాఫీయు, 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కుటుంబమునకు లక్షన్నర వరకు ప్రకటించిన మాఫీయు బ్యాంకుల, సహకార సంఘముల అప్పులకే గాని ప్రోనోటులకు కావు. రానున్న మాఫీని నమ్మి నెలనెల పెరుగు వడ్డీని మోయుట తెలివి కాదు.

మరికొందరు పొలము తనఖా పెట్టి దీర్ఘకాల ఋణము తెచ్చి ప్రోనోటు తీర్తురు. వడ్డీ తగ్గును, నిజమే. కాని పంట పండినను పండకున్నను వాయిదా వచ్చును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమ వారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. డెబ్బదవ యేట ఆ వాయిదా కట్టువారెవరో ముందుగా తేలనిదే ఆ దారి త్రొక్కరాదు.

మా అభిప్రాయమున పై దంపతులకు మేలైన మార్గము, కొంత భూమిని తామే మంచి ధర చూచి అమ్ముట. ఎకరము ఆరు లక్షలకే పోయినను 50 సెంట్లతో అప్పు తీరును. పోవునది 10 బస్తాల కౌలు. మిగులునది 40 బస్తాల వడ్డీ. పరువు పోవునని వెనుదీయువారు ఈ లెక్కను మరల చూడుడు. మూడెకరములుండి 20 బస్తాలు తినువానికంటె రెండున్నర ఎకరములుండి 50 బస్తాలు తినువాడు కలవాడు. పైకము ఒక్కసారిగా ఇత్తుమని పెద్దల సమక్షమున అడిగినచో వడ్డీలో కొంత తగ్గించు ఋణదాతలును కలరు. పైకమిచ్చినప్పుడే చెల్లు వ్రాయించి నోటును చేతికి తీసికొనవలెను.

సంఘపు పంటఋణము వేరు. ఇంకను సేద్యము చేయుచున్నవారికి 3 లక్షల వరకు నూటికి ఏటికి 7 రూపాయల వడ్డీ. గడువులో తీర్చినవారికి 3 రూపాయల రాయితీ. దానిని గడువు దాటనీయక, ముందుగా 24 రూపాయల వడ్డీ అప్పును తీర్పుడు.

చేయరాని పనులు మూడు. ఇంటిని తనఖా పెట్టకుడు. స్వయముగ సేద్యము చేసి దానిపైనే జీవించు రైతు కాపురముండు ఇంటిని, సాధారణపు డబ్బు డిక్రీ క్రింద జప్తు చేయరాదని 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను చెప్పుచున్నది. తనఖా పెట్టినచో ఆ రక్షణ లేదు. పొలమంతయు కౌలునకిచ్చినవారు న్యాయవాదిని అడిగి తెలిసికొనవలెను. రెండవది, భార్యకు పసుపు కుంకుమల క్రింద వచ్చిన పొలమును భర్త అప్పులోనికి లాగకుడు. సంతకము చేయనిదే ఆమె ఆ నోటునకు బాధ్యురాలు కాదు. రేపు ఒంటరిగా మిగులునది ఆమెయే కావచ్చును. మూడవది, అప్పు తీర్చునను మాటపై పొలమంతయు కొడుకు పేర ఊరక వ్రాయకుడు. వ్రాయవలసివచ్చినచో, తమను పోషించవలెనను షరతును దస్తావేజులోనే వ్రాయింపుడు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము 23వ సెక్షను ప్రకారము, ఆ షరతు తప్పినచో దస్తావేజును రద్దు చేయించుకొనవచ్చును.

అప్పు కొడుకులకు చుట్టుకొనునని భయపడువారు ఒకటి తెలిసికొనవలెను. 2005 సెప్టెంబరు 9 తరువాత తండ్రి చేసిన అప్పునకు, కొడుకైనంత మాత్రమున అతడు బాధ్యుడు కాడు. అతడు సంతకము చేసియున్నను, తండ్రి ఆస్తి అతనికి వచ్చినను మాట వేరు. ఆస్తి వచ్చినపుడు ఆ మేరకే బాధ్యత.

తుదిమాట. భార్యకు తెలియని అప్పు ఏ యింటను ఉండరాదు. ఈ నెలలోనే ఒకనాటి రాత్రి ఇద్దరును దీపము ముందు కూర్చుండి, ఎవరికెంత, ఏ వడ్డీ, ఏ తేదీ అని ఒక కాగితము మీద వ్రాసికొనుడు. ఆ కాగితముతో సంఘమునకు ఇద్దరును కలిసి రండు.