'రైతు' అనే మాట ఎవరిది?

ఇంగ్లీషు నిఘంటువుల్లో 'రయట్' అనే మాట ఉంది. హిందూదేశంలో సేద్యం చేసుకునే మనిషి అని దానికి అర్థం రాస్తారు. అది మన 'రైతు'. మన దగ్గర్నుంచి ఇంగ్లీషులోకి పోయిందని సంతోషించే ముందు, మనకెక్కడిదో చూడాలి. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దీన్ని అరబ్బీ 'రఇయ్యత్' దగ్గరికి తీసుకుపోతుంది. ఆ మాటకు మూలధాతువు మేపడం. మేతకు తోలిన మంద అని మొదటి అర్థం, పాలకుడి కింది జనం అని తర్వాతి అర్థం. పాలకుడు కాపరి, ప్రజ మంద. ఒట్టోమన్ తుర్కీలో పన్నుగట్టే జనానికి 'రఆయా' అన్న పేరూ దీన్నుంచి వచ్చిందే.

మన అచ్చతెలుగు 'కాపు' దీనికి సరిగ్గా ఎదురు నిలుస్తుంది. 'కాచు' నుంచి పుట్టిన ఆ మాటకు కావలి అనీ సేద్యగాడు అనీ రెండర్థాలూ ఉన్నాయి. 'కాపరి' కూడా ఆ కుదుటిదే. కాచేవాడనే మాట కులానికి అంటుకుపోయింది. మందలో ఒకడనే మాట వృత్తికి మిగిలింది. పండితులు దీన్ని అన్యదేశ్యాల జాబితాలో ఒక పంక్తిగా రాసి ఊరుకుంటారు గాని, శిస్తు వసూలు చేసినవాడి చూపు మన నాలుక మీద ఎంత స్థిరంగా కూర్చుందో అందులోనే ఉంది.

సమూహాన్ని చెప్పే ఈ మాట ఒక్క మనిషికి గట్టిగా బిగిసిన కథ మాత్రం అనంతపురానిది. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఒప్పజెప్పాక, థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి అనంతపురం కేంద్రంగా 1807 దాకా పనిచేశాడు. పొలం పొలం కొలిపించాడు. శిస్తు ఊరి మొత్తం మీద గాక ఒక్కొక్క సేద్యగాడి పేర వేయాలన్నాడు. నడుమ కొన్నాళ్ళు గ్రామ కౌళ్ళు నడిచినా, 1820లో అతడు మద్రాసు గవర్నరయ్యాక రైతువారీ పద్ధతి నిలదొక్కుకుంది. 1793 శాశ్వత సెటిల్మెంటు తర్వాత బెంగాలులో రయ్యత్ అంటే జమీందారు కింద సాగుచేసేవాడు. ఇక్కడ రయ్యత్ సర్కారుకు నేరుగా శిస్తుగట్టే పట్టాదారు. మాట ఒక్కటే, ఉత్పత్తి సంబంధం వేరు.

పట్టాకు ఒక పేరు చాలు. సేనుకు చాలదు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో, అదీ వేళకు రాని వానతో పండాల్సిన శెనక్కాయ సేనులో గొర్రు తోలేవాడొకడు, కలుపు తీసేదీ చెట్టు పెరికి కాయ కోసేదీ ఆడవాళ్ళు, గుత్తకు తీసుకున్నవాడు ఇంకొకడు. పట్టాలో పేరున్నవాడు బెంగుళూరులో ఉండొచ్చు. అయినా రైతు అతడే. ఆడమనిషి ఆ మాటలోకి రావాలంటే ముందు 'మహిళా' తగిలించుకోవాలి, భూమిలేనివాడు 'కౌలు' తగిలించుకోవాలి. ఏ విశేషణమూ లేని ఒట్టి రైతు, పట్టా ఉన్న మగవాడు. మన కరువు కథల్లో చాలావాటిలో కథానాయకుడు అతడే కావడం కాకతాళీయమని నేననుకోను. మంచి కథలే అవి. కాని 'రైతు' అని రాసినప్పుడల్లా రచయిత తనకు తెలియకుండానే ఒక వర్గాన్ని ఎంచుకుంటున్నాడు.

ఇంకొక మాట. 'రాయితీ' కూడా ఆ అరబ్బీ ధాతువు బిడ్డే. కాపరి మంద మీద చూపే దయ అది. కరువేడు వచ్చే పెట్టుబడి రాయితీ చాలాసార్లు పట్టా పేరు వెతుక్కుంటూ పోయి, విత్తనం పోగొట్టుకున్న గుత్తదారుడి గుమ్మం దాటిపోతుంది.

దీన్ని సరిదిద్దడానికి ఆంధ్రప్రదేశ్‌లో రెండు చట్టాలొచ్చాయి. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం. రెండింటి పేర్లలోనూ 'రైతు' లేడు, 'సాగుదారు' ఉన్నాడు. దున్నేవాడికి కార్డు ఇవ్వడానికి సిద్ధపడ్డ శాసనం ఆ ఒక్క మాట మాత్రం ఇవ్వలేదు. 2019 చట్టం కింద సాగు ఒప్పందం గడువు 11 నెలలు. దాని మీద భూమి యజమాని సంతకం ఉండాలి.