పెట్రోల్ లీకు ఎప్పుడు మొదలైందో భూగర్భ జలాలు చెప్పగలవా?

2013లో చెన్నైలోని తండయార్‌పేటలో ఇళ్ల బోర్ల నుంచి నీళ్లతో పాటు ఇంధనం వచ్చింది. భూమిలో వేసిన పైపులైను వైపు వేళ్లు చూపించాయి, వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇలాంటి కేసుల్లో లీకు ఎక్కడన్నది తవ్వితే దొరుకుతుంది. ఎప్పటి నుంచన్నదే చిక్కు.

ఆ తేదీ మీద చాలా ఆధారపడి ఉంటుంది. పెట్రోల్ బంకు మధ్యలో చేతులు మారి ఉంటే బాధ్యత పాత యజమానిదా, కొత్త యజమానిదా? హరిత ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం పరిహారం కోరడానికి గడువు, వివాదానికి కారణం తొలిసారి తలెత్తిన నాటి నుంచి ఐదేళ్లు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు.

తేదీ కట్టే పద్ధతి పైకి బడిపిల్లల లెక్కలాగే ఉంటుంది. ఇంధనంలోని బెంజీన్ వంటి పదార్థాలు నీటిలో కరిగి, నీరు పారే దిక్కుగా చారలా సాగుతాయి. దీన్ని ప్లూమ్ అంటారు. చార ఎంత దూరం వెళ్లిందో కొలిచి, వేగంతో భాగిస్తే కాలం వస్తుంది.

ఒక ఊహా బంకును తీసుకుందాం. బెంజీన్ 120 మీటర్ల దూరం చేరింది. నీటిమట్టం ప్రతి 200 మీటర్లకు ఒక మీటరు దిగుతోంది. ఇసుక నేల, అందులో ఖాళీలు నాలుగో వంతు. ఆ నేల నీటిని పంపే సామర్థ్యం రోజుకు 10 మీటర్లు అనుకుంటే, నీరు ఏడాదికి సుమారు 73 మీటర్లు కదులుతుంది. మట్టికి అంటుకుంటూ వెళ్లే బెంజీన్ అంతకంటే ఒకటిన్నర రెట్లు నెమ్మది అనుకుందాం. అప్పుడు లీకు వయసు దాదాపు రెండున్నరేళ్లు. అదే సామర్థ్యం రోజుకు 3 మీటర్లయితే? ఎనిమిదేళ్లు దాటుతుంది. ఒకే స్థలంలో పక్కపక్క బోర్లలో ఈ మాత్రం తేడా రావడం మామూలే. పైగా ట్యాంకు నుంచి నీటిమట్టం దాకా ఇంధనం దిగడానికి పట్టిన కాలాన్ని దీనికి కలపాలి.

అసలు ఇబ్బంది వేరే ఉంది: చార ఆగిపోతుంది. అమెరికాలోని మినసోటా రాష్ట్రం బెమిడ్జి దగ్గర 1979 ఆగస్టు 20న పైపులైను పగిలి సుమారు 17 లక్షల లీటర్ల ముడి చమురు బయటికొచ్చింది. తేదీ కచ్చితంగా తెలిసిన ఈ చోటును ఆ దేశ భూగర్భ సర్వే సంస్థ 1983 నుంచి పరిశోధన క్షేత్రంగా వాడుతోంది. నేలలోని సూక్ష్మజీవులు హైడ్రోకార్బన్లను తినేయడంతో, నీరు వెళ్లినంత దూరం కాలుష్యం వెళ్లలేదని అక్కడ తేలింది.

అంటే ఆగిపోయిన చార పొడవును వేగంతో భాగిస్తే లీకు ఉన్నదానికంటే కొత్తదిగా కనిపిస్తుంది. ఈ పొరపాటు ఎప్పుడూ ఒకే వైపు మొగ్గుతుంది, పాత యజమానిని తప్పించి కొత్తవాడి మెడకు చుట్టే వైపు. అందుకే ఒక్కసారి తీసిన నమూనాలతో తేదీ చెప్పే నివేదికను నమ్మడం కష్టం. అవే బోర్లలో కొన్నేళ్ల పాటు కొలిస్తేనే చార పెరుగుతోందో, నిలిచిందో తెలుస్తుంది.

ఇంధనంలోని రసాయనాలు కొంత ఆదుకుంటాయి. భారత్‌లో సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. కాబట్టి నేలలో ఆ సీసపు సమ్మేళనాలు దొరికితే, కనీసం కొంత పెట్రోల్ అంతకుముందు కారినదే. అమెరికాలో ఎంటీబీఈ అనే పదార్థాన్ని 1979 నుంచి పెట్రోల్‌లో కలిపారు. ఇది నీటితో దాదాపు సమాన వేగంతో సాగుతుంది, అంత తేలిగ్గా విరగదు. అందుకే బెంజీన్ కంటే మంచి గడియారం. ఇథనాల్ అలా కాదు, సూక్ష్మజీవులు దాన్నే ముందు తింటాయి. అది కనబడలేదంటే పాత పెట్రోలనే అర్థం రాదు.

ఇదంతా ఇసుక, ఒండ్రు నేలల మాట. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల కింద ఉన్నది గ్రానైటు. అక్కడ నీరు పగుళ్ల వెంట పోతుంది. ఒక పగులులో వేగంగా, పక్కదానిలో అసలు కదలకుండా ఉండొచ్చు. సగటు వేగం అనే మాటకే పెద్దగా అర్థం ఉండదు. అలాంటి చోట మోడల్ కంటే ముందు అడగాల్సింది బంకులో రోజూ రాడ్ దించి ట్యాంకులో నిల్వ కొలిచి రాసే రిజిస్టర్లను. అమ్మకానికీ నిల్వకూ తేడా ఏ నెల నుంచి పెరిగిందో వాటిలో ఉండొచ్చు, వాటిని దాచి ఉంచితే.